వాకరుకి తొడిగిన బంతులు

పోయిన వారం బండోడి పళ్ళెం, దుప్పటి, సగం నమిలేసిన నా చెప్పూ సంచిలో సర్దుతూ, ముక్కు చీదుకుంటూ మీ దగ్గర సెలవు తీసుకున్నాను. ఆ ఏడుపు కారెక్కేసరికి ఆరిపోయింది లెండి. ఈ వారమే కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. మా ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం. బండోడు మా కుక్క కాదు, దిక్కులేని కుక్కల్ని చేరదీసే షెల్టరు వాళ్ళది. మంచి ఇల్లు దొరికేదాకా పెంచమని మాకు అప్పగించారు. వెనక్కాళ్ళ మీద లేచాడంటే ముందుకాళ్ళు నా భుజాల మీదికొస్తాయి. ఒళ్ళు చూస్తే దూడంత, బుద్ధి చూస్తే పాలు మరవని పిల్లంత. ఇప్పటికి ఇద్దరు తీసుకెళ్ళారు, ఇద్దరూ వెనక్కి తెచ్చి ఇచ్చేశారు. మొదటి ఇంట్లో సోఫా పోయింది. రెండో ఇంట్లో కొత్తల్లుడు పోయాడు. అంటే పోలేదు, మెట్ల మీంచి దొర్లాడు, అంతే. కానీ అల్లుడు కదా, ఊరుకుంటారా?

షెల్టరులో ఒక పద్ధతి ఉంది. పెంచినవాళ్ళే కుక్క తాడుని కొత్తవాళ్ళ చేతిలో పెట్టాలి. తాడు చెయ్యి మారిందా, కుక్క వాళ్ళదైపోయినట్టే. ఆ తర్వాత వాళ్ళు వద్దంటే తిరిగొచ్చినట్టు లెక్క. అలా మూడోసారి తిరిగొచ్చిన కుక్కని ఇక ఏ ఇంటికీ ఇవ్వరు. షెల్టరు వెనకవైపు సిమెంటు గదులున్నాయి. మిగిలిన బతుకంతా అందులోనే. పోనీ మా దగ్గరే ఉంచుకుందామా అంటే, కుక్కయినా ఉండాలి, మీరైనా ఉండాలి అని మా ఇంటి ఓనరు తేల్చేశాడు.

ఇలా ఊపిరాడని సమయంలో బేకరీ ఆయన దొరికాడు. పోయిన ఆదివారం మా ఇంటికొచ్చి ఆయన కూర్చున్నంతసేపూ బండోడు ఆయన కాళ్ళ దగ్గర ముడుచుకుని పడుకున్నాడు. మొరగలేదు, ఎగరలేదు. నేను పొంగిపోయాను. ఎందుకు పొంగనూ? కూర్చో, ఆగు, పక్కకి జరుగు అని రోజూ గొంతు చించుకుని నేర్పింది నేను. ఎలాంటి మొండిఘటాలకో క్లచ్చు నేర్పినదాన్ని, ఒక కుక్కకి నేర్పలేనా అని వీధి వీధంతా చెప్పుకు తిరిగాను.

ఇక ఈ ఆదివారం సంగతి.

బేకరీ ఆయన ఇల్లు బేకరీ వెనకే. గేటు దగ్గరే రొట్టెల వాసన కమ్మగా మొహానికి కొట్టింది. మామూలుగా అయితే ఆ వాసనకి బండోడు నన్ను ఈడ్చుకుపోవాలి. ఆ రోజు కారు దిగి, ఒళ్ళు విరుచుకుని, నా పక్కన బుద్ధిగా నడిచాడు. నేను గర్వంగా మా ఆయన వైపు చూశాను. ఆయన ఆవలించాడు.

గుమ్మం ముందు తాడుని బేకరీ ఆయన చేతిలో పెట్టాను. వేళ్ళు ఒకపట్టాన వదల్లేదు. ఆయన నవ్వాడు.

"ఇవ్వండి చెల్లెమ్మా. మీరెప్పుడు కావాలంటే అప్పుడొచ్చి చూసుకోండి. మీ పుట్టిల్లే అనుకోండి."

వదిలాను.  నలుగురిలో ఏడిస్తే బాగుండదని దగ్గినట్టు నటించాను.

హాల్లో పెద్ద చెక్క బల్ల, చుట్టూ కుర్చీలు. తాడుని బల్ల కోడుకి చుట్టి, బేకరీ ఆయన టీ తేవడానికి లోపలికెళ్ళాడు. బండోడు బల్ల కిందికి దూరి, ఒక నిట్టూర్పు విడిచి, వెంటనే నిద్రపోయాడు. కుర్చీలో మా ఆయన కూడా తల వెనక్కి వాల్చాడు. బల్ల కింద ఒక గురక, బల్ల పైన ఒక గురక. ఏది ఎవరిదో చెప్పడం కష్టం.

"ఏమండీ, పరువు తీయకండి," అని మోచేత్తో పొడిచాను. ఉలిక్కిపడి లేచాడు.

బేకరీ ఆయన టీ కప్పులు బల్ల మీద పెట్టి, బల్ల కిందికి వంగి చూశాడు. ఆయన మొహం ఎంత తేలికపడిందో చెప్పలేను.

"ఎంత నెమ్మదో చూడండి. మా అమ్మకి ఇలాంటిదే కావాలని ఎన్ని చోట్ల తిరిగానో మీకు తెలీదు. బాత్రూంలో జారిపడి తుంటి విరిగింది కదా. ఆపరేషనైంది. ఇంకోసారి పడితే మాత్రం ఇక మంచం మీదే అన్నాడు డాక్టరు."

కప్పు బల్ల మీద పెట్టేశాను. "తుంటా? మాకెవరూ చెప్పలేదే?"

"ఆ రోజు బావగారు నన్ను గేటు దాకా దిగబెట్టినప్పుడు చెప్పానుగా," అన్నాడాయన.

నేను బావగారి వైపు తిరిగాను. బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. నిజం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మా ఆయన కళ్ళజోడు మసకబారుతుంది.

"మీరు చెప్పినట్టే చేశాను బావగారూ," అని బేకరీ ఆయన ఉత్సాహంగా అందుకున్నాడు. "నేల మీద గీరుకుపోయే చప్పుడంటే వాడికి పడదన్నారుగా. పొద్దున్నే అమ్మ వాకరు కాళ్ళకి తొడుగులు వేశాను. అమ్మా, వచ్చారు! మెల్లగా రా!"

ఆయన తల్లికి చెయ్యందించడానికి లోపలికెళ్ళాడు. నేను మా ఆయన మోకాలు గట్టిగా పట్టుకున్నాను.

"చెప్పండి. పొద్దున వాడిని ఏం చేశారు?"

"ఏం చేశాను?"

"నేను అడుగుతున్నాను, మీరు చెప్పండి. ఇందాక కుంటుతున్నారు, మీ మడమ చూపించండి."

మడమ మీద బొబ్బ. తాజాది. 

"సైకిలుకి కట్టి చెరువు రోడ్డంతా పరిగెత్తించాను," అని గొణిగాడు. "సైకిలు పంక్చరైతే మిగతాది నేనే పరిగెత్తాను. పోయిన ఆదివారం కూడా అంతే. కుక్కల్ని ఇళ్ళలో పెట్టేవాళ్ళు చాలామంది చేసే పనేనే ఇది. చూపులకి ముందు అలసిపోయేలా తిప్పుతారు. అందరికీ తెలిసిందే."

అయితే నా కూర్చో, నా ఆగు, నా పక్కకి జరుగు అన్నీ గంగలో కలిసినట్టే. వాడు నేర్చుకోలేదు, సొమ్మసిల్లాడు. నిజం చెప్పొద్దూ, ఆ ముసలావిడ తుంటి గుర్తుకు రావడానికి ముందు నాకు గుచ్చుకున్నది అదే. సిగ్గుగానే ఉంది, కానీ అదే నిజం.

"తుంటి విరిగిన మనిషున్న ఇల్లని తెలిసీ అబద్ధం చెప్పారా?"

"వాడు ఆ సిమెంటు గదిలోకి పోతాడే! నువ్వే కదా రోజూ ఏడ్చావు? నాలుగు రోజులుంటే వీళ్ళకీ అలవాటవుతుంది, వాడికీ అలవాటవుతుంది."

"వాడు లేవడానికి ఇంకా ఎంతసేపు పడుతుంది?"

మా ఆయన బల్ల కిందికి చూశాడు. "ఈపాటికి లేవాలి."

అప్పుడు పెద్దావిడ గుమ్మంలోకి వచ్చింది.

బక్కపలచటి మనిషి. జుట్టంతా తెలుపు, చూపు మాత్రం సూదిలా ఉంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైంది. వాకరుని రెండు చేతులా పట్టుకుని ఒక అడుగు, మళ్ళీ వాకరు ముందుకి, మళ్ళీ ఒక అడుగు. చప్పుడే లేదు. వాకరు నాలుగు కాళ్ళకీ నాలుగు టెన్నిస్ బంతులు, కొత్తవి, నిమ్మపండు రంగువి, కోసి తొడిగి ఉన్నాయి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెప్పు దొరికితే బండోడు నములుతాడు. సోఫా దొరికితే చింపుతాడు. బంతి దొరికితే మాత్రం వాడికి ఒళ్ళు తెలియదు. పార్కులో ఒకసారి ఎవరో విసిరిన బంతి కోసం నన్ను పొట్ట మీద పడేసి గడ్డిలో ఈడ్చుకుపోయాడు. గీరుడు చప్పుడంటే భయమన్నది మా ఆయన నోటికొచ్చిన అబద్ధం. దుకాణంలో ఎవరి మొహానికైనా ఏ ఫ్రేమైనా అతికినట్టుందని చెప్పే అలవాటు. ఆ అబద్ధాన్ని నమ్మి, పాపం ఆ కొడుకు, తల్లి చేతికర్రలాంటి వాకరుకి బంతులు కట్టి మరీ ఎదురుగా తీసుకొస్తున్నాడు.

"ఏడీ మావాడు?" అంది పెద్దావిడ. "నేను లేచి వచ్చాను, వాడు పడుకున్నాడా?"

"అమ్మా, అక్కడే ఆగండి," అన్నాను. గొంతు నాకే వినపడలేదు.

ఇంకో అడుగు. బంతులు ముందుకు జరిగాయి. బల్ల కింద గురక ఆగింది.

నేర్చుకునేవాళ్ళు గోడ మీదికి పోనిస్తున్నప్పుడు పక్క సీట్లో నేను ఎలా బిగుసుకుంటానో అలా బిగుసుకున్నాను. కాలు దానంతటదే నేలని తొక్కుతోంది. అక్కడ బ్రేకు ఉంటేగా!

బండోడు ఒక కన్ను తెరిచాడు. చెవులు నిక్కాయి. తోక ఒకసారి నేలకి కొట్టుకుంది. తర్వాత బల్ల కదిలింది.

కప్పులన్నీ జారి భళ్ళుమన్నాయి. కోడుకి కట్టిన తాడుతో సహా బల్లని ఈడ్చుకుంటూ వాడు వాకరు మీదికి దూకాడు. నేను నాకు తెలియకుండానే వాడి మీద పడ్డాను. మెడపట్టీ దొరికింది. నా బరువంతా వాడి వీపు మీద వేసినా నన్నూ కలుపుకుని లాగుతున్నాడు. వాకరు ఒక పక్కకి ఒరిగింది. పెద్దావిడ ఒక చెయ్యి గాల్లోకి లేచింది. బేకరీ ఆయన వెనక నుంచి తల్లి నడుము పట్టుకున్నాడు. మా ఆయన మోకాళ్ళ మీద పడి వాకరు రెండు కాళ్ళూ కావలించుకున్నాడు. 

ఆవిడ పడలేదు.

వాకరు కాలికున్న ఒక బంతిని మాత్రం బండోడు ఊడబీకి, అక్కడే బోర్లా పడుకుని, ముందుకాళ్ళ మధ్య పెట్టుకుని ఆనందంగా నమలడం మొదలుపెట్టాడు. పెద్దావిడని కుర్చీలో కూర్చోబెట్టాం. బేకరీ ఆయన మొహం పిండి అంటినట్టు తెల్లబోయి ఉంది.

మా ఆయన లేచి, మోకాళ్ళు దులుపుకుని నవ్వాడు. "సంతోషం పట్టలేకపోయాడు బావగారూ. కొత్త మనుషులు, కొత్త ఇల్లు. ముద్దు చేస్తారని పరిగెత్తుకొచ్చాడంతే. రోజూ ఇలా ఉండడు."

బేకరీ ఆయన నమ్మాలనే చూశాడు. "అంతేనా చెల్లెమ్మా?"

నేను ఒక్క మాట అంటే చాలు. అంతే అన్నయ్యగారూ అంటే సరిపోయేది. సంచి వాళ్ళకిచ్చి, కారెక్కి, ఇంటికెళ్ళి నిద్రపోయేదాన్ని. బండోడికి ఇల్లుండేది. ఆ సిమెంటు గదులు నేను చూశాను. అక్కడి కుక్కలు మొదట్లో మనిషిని చూడగానే తలుపు దగ్గరికి వస్తాయి. కొన్నాళ్ళకి రావడం మానేస్తాయి. బండోడూ అలాగే మూల కూర్చుంటాడు. అటు చూస్తే కుర్చీలో పెద్దావిడ. ఒరిగిన వాకరుని దగ్గరికి లాక్కుని, ఏమీ కానట్టు కూర్చుంది.

"కాదు," అన్నాను. "రోజూ ఇలాగే ఉంటాడు. ఇంతకంటే ఎక్కువే. ఈయన రెండు ఆదివారాలూ పొద్దున్నే చెరువు రోడ్డంతా పరిగెత్తించి, అలసిపోయాక మీకు చూపించాడు. గీరుడు చప్పుడంటే భయమన్నది కూడా అబద్ధమే. వాడికి పిచ్చి బంతులంటే."

"నీకు పుణ్యముంటుంది, ఆగవే," అన్నాడు మా ఆయన. అప్పటికే అంతా చెప్పేశాను.

 ఆ క్షణం నుంచి బేకరీ ఆయనకి నేను చెల్లెమ్మని కాదు, మేడమ్‌ని అయ్యాను.

"మా అమ్మ పడుంటే ఏం చేసేవాళ్ళు మేడమ్? కుక్కకి ఇల్లు దొరికిందని పండగ చేసుకునేవాళ్ళా?" తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "నువ్వసలు మనిషివేనా? తెల్లారకముందు లేచి పొయ్యి దగ్గర నిలబడేవాణ్ణి నేను. ఇంట్లో ఆవిడ ఒక్కతే ఉంటుందని నీతో చెప్పుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ, అలా చెప్పుకున్నాను. తల ఊపి విన్నావు కదయ్యా!"

మా ఆయన తల దించుకున్నాడు. తిట్టండి, ఇంకా తిట్టండి అని నాకు లోపల అనిపిస్తోంది. మళ్ళీ మనసు ఒప్పుకోవడం లేదు. బొబ్బలెక్కేదాకా పరిగెత్తింది కూడా ఆ మనిషే.

బేకరీ ఆయన ఫోను తీసి షెల్టరుకి చేశాడు. స్పీకరు పెట్టాడు. అక్కడ అన్నీ చూసుకునే ఆవిడని మేమందరం షెల్టర్ అక్క అంటాం.

"మీ కుక్క మాకొద్దండీ. వచ్చి తీసుకెళ్ళండి."

"తాడు మీ చేతిలో పెట్టేశారా?" అంది షెల్టర్ అక్క.

"పెట్టారు."

ఫోన్లో వెనక ఎక్కడో కుక్కలు మొరుగుతున్నాయి. "అయితే ఇది మూడోసారన్నమాట. కుక్క కావాలని అడిగింది మీ అమ్మగారు కదా. వద్దన్న మాట కూడా ఆవిడే చెప్పాలి. ఒకసారి ఇవ్వండి."

"అమ్మా, వద్దని చెప్పు. ఒక్క మాట." బేకరీ ఆయన ఫోను తల్లి ముందు పట్టుకున్నాడు.

పెద్దావిడ ఫోను అందుకుంది. కానీ చెప్పలేదు. కింద బంతి నములుతున్నవాణ్ణి చూస్తూ కొడుకుతో అంది.

"ఆస్పత్రి నుంచి వచ్చాక నేను ఈ గుమ్మం దాటానట్రా?"

"అమ్మా, ఇప్పుడదెందుకు?"

"లేవమని నువ్వు బతిమాలావు. నర్సు తిట్టింది. లేచానా? నాకు భయం రా. కాలు కింద పెడితే మళ్ళీ విరుగుతుందని భయం. ఇవాళ కుక్కొచ్చిందన్నావు. ఎలా ఉందో చూడాలనిపించింది. లేచాను. నాకే తెలీకుండా ఇంతదూరం నడిచాను. దీన్ని పంపించేస్తే నేను మళ్ళీ ఆ గదిలోకే పోతాను. మీరందరూ వచ్చి నాలుగు తీపి మాటలు చెప్పిపోతారు."

"ఉంచుకుని పడిపోతే, అప్పుడు ఆ గది కూడా ఉండదమ్మా! ఆస్పత్రే!" అరిచాడు కొడుకు. కళ్ళల్లో నీళ్ళున్నాయి.

ఇద్దరిలో ఎవరి మాట తప్పో నన్నడిగితే నేను చెప్పలేను. ఆవిడ మాత్రం నన్నే అడిగింది. ఫోను అలాగే చేతిలో ఉంది.

"అమ్మాయ్, ఇలా రా. బతుకంతా ఫోన్లో గొంతులు విన్నదాన్ని, నాకు బొంకితే తెలిసిపోతుంది. నువ్వు నా వయసుదానివనుకో, నీకు నా కాలే ఉందనుకో. వీణ్ణి ఇంట్లో ఉంచుకుంటావా?"

బండోడు నా గొంతు కోసం తలెత్తి చూశాడు. బంతి నోట్లోనే ఉంది. ఉంచుకుంటానని చెప్పడానికే నోరు తెరిచాను. దేవుడి మీద ఒట్టు, అదే చెప్పాలనుకున్నాను.

"ఉంచుకోను పెద్దమ్మా," అన్నాను. "వాడంటే నాకు ప్రాణం. కానీ ఉంచుకోను."

మా ఆయన మొహం తిప్పేసుకున్నాడు. పెద్దావిడ నోరు విప్పేలోపే ఫోన్లోంచి షెల్టర్ అక్క గొంతు వచ్చింది. 

"విన్నానమ్మా. పెంచినావిడే వద్దంటున్నప్పుడు, మీరు ఊ అన్నా నేను అక్కడ వదలలేను. రేపు మీకేమన్నా అయితే నాకు నిద్ర పట్టదు. బండి దగ్గర్లోనే ఉంది, పంపిస్తున్నాను. వెనక గది శుభ్రం చేయిస్తాను."

ఫోను కట్టయింది. నా మాటతోనే పోయింది వాడి ఇల్లు. మా ఆయన అబద్ధం తెచ్చిపెట్టిన దాన్ని నా నిజం ఊడబెరికింది. నేల మీద కూలబడ్డాను. బండోడు వచ్చి, బంతి నా ఒళ్ళో వేసి, విసరమని తోక ఊపాడు.

"ఎవరిని అడిగి పంపిస్తుంది బండి?" అంది పెద్దావిడ.

కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది. కొడుకు పట్టుకోబోతే చెయ్యి విదిలించింది.

"ఎవరూ నన్ను పట్టుకోకండి. ఆ అమ్మాయి ఉంచుకోనంది, బావుంది, అది తన మాట. నేనేమన్నానో ఎవరైనా విన్నారా? మేకుకి తాళం వేలాడుతోంది చూడండి. వీధి గేటుకి వేసి, తాళంచెవి నా చేతికి తెచ్చివ్వండి."

"అమ్మా, పిచ్చా నీకు?" అన్నాడు కొడుకు. ఆయన కదల్లేదు. మా ఆయన నా వైపు చూశాడు.

వీధి మలుపులో బండి హారను వినపడింది. నేను లేచి, మేకుకున్న తాళం అందుకుని గేటు వైపు నడిచాను.